గయానా వెళ్తే జార్జ్‌టౌన్‌కు ఒక్క రాత్రి చాలునా?

అమలాపురం_బాటసారి
ఫిబ్రవరి చివరి వారంలో మా అమ్మానాన్నలను తీసుకుని అయిదు రోజులు దక్షిణ అమెరికాలోని గయానా వెళ్లాలని అనుకుంటున్నాను. నేను న్యూజెర్సీలో ఉంటాను, వాళ్లు జనవరిలో అమలాపురం నుంచి నా దగ్గరకు వస్తున్నారు. ఇద్దరు ట్రావెల్ ఏజెంట్లను అడిగితే, ఇద్దరూ ఒకే మాట చెప్పారు: కైటూర్ జలపాతం చూసుకోండి, రాజధానిలో ఒక రాత్రి పడుకుని వచ్చేయండి, జార్జ్‌టౌన్‌లో చూడటానికి ఏమీ లేదు అని. ఒక దేశానికి రాజధాని అయిన ఊరిలో ఏమీ లేదని అంత తేలికగా ఎలా చెప్పగలుగుతారో నాకు అర్థం కావడం లేదు. మా నాన్నగారు గోదావరి డెల్టాలో నీటిపారుదల శాఖ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు, ఆయనకు కొండల కంటే కాలువలంటే ఇష్టం. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. ఆ ఊళ్లో నిజంగా ఉండి వచ్చినవారు చెబితే దాన్నిబట్టి నిర్ణయించుకుంటాను.

దారిపొడవునా
మీ ఏజెంట్లు చెప్పింది సరైనదే. నేను 2019లో రెండు రాత్రులు ఉన్నాను, ఒకటి ఎక్కువైందనిపించింది. సముద్రం బురద రంగులో ఉంటుంది, కాలువలు వాసన వేస్తాయి, చీకటి పడితే మార్కెట్ ప్రాంతంలో నడవవద్దని హోటల్ వాళ్లే హెచ్చరించారు. జలపాతం చూసుకుని, మిగిలిన రోజులు పక్కనున్న సూరినామ్ రాజధాని పారామరిబోకు కేటాయించండి. దాని పాత నగరం 2002 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది.

క్వీన్స్_కబుర్లు
దారిపొడవునా గారితో నేను ఏకీభవించను. న్యూయార్క్‌లోని రిచ్‌మండ్ హిల్‌లో పదేళ్లుగా గయానా కుటుంబాల మధ్య ఉంటున్నాను, వాళ్లతో కలిసి మూడుసార్లు జార్జ్‌టౌన్ వెళ్లాను. ఆ ఊరిని బస్సు కిటికీలోంచి చూస్తే ఏమీ కనిపించని మాట నిజమే, అది నడిచి చూడవలసిన ఊరు. డచ్చివారి కాలంలో దాని పేరు స్టాబ్రూక్. 1812లో ఇంగ్లీషువారు తమ మూడవ జార్జి రాజు పేరు పెట్టారు. వీధులు గళ్ల నుడికట్టులా అడ్డంగా నిలువుగా సాగుతాయి, చాలా వీధుల పక్కన కాలువ ఉంటుంది. మెయిన్ స్ట్రీట్ నడుమ చెట్ల నీడలో ఉన్న నడకదారి కూడా ఒకప్పటి కాలువను పూడ్చి వేసినదే.

ఇక అక్కడి కట్టడాలు కొయ్యవి. సెయింట్ జార్జ్ కథీడ్రల్ 1892లో తెరుచుకుంది, ఎత్తు 43 మీటర్ల పైచిలుకు, ప్రపంచంలోని అతి ఎత్తయిన కొయ్య చర్చిల్లో ఒకటి. గయానా అడవుల్లో పెరిగే గ్రీన్‌హార్ట్ అనే గట్టి కలపను దానికి వాడారు. లోపల తలెత్తి చూస్తే తిరగవేసిన పెద్ద ఓడ కింద నిలబడినట్లు ఉంటుంది. 1889 నాటి సిటీ హాలు కూడా కొయ్యదే. చాలాకాలం శిథిలమై ఉన్నా, ఆ సన్నని శిఖరాలను చూస్తే వడ్రంగుల చేతిపని తెలుస్తుంది. పాత ఇళ్లకు బయటికి వాలి ఉండే చిల్లుల పెట్టె లాంటి కిటికీలుంటాయి, వాటిని డెమరారా కిటికీలంటారు. ఎండా వానా లోపలికి రావు, గాలి మాత్రం వస్తుంది. ఇలాంటి ఇళ్లు ఏడాదికేడాది కూలి, వాటి చోట గాజు అద్దాల భవనాలు లేస్తున్నాయి. చూడదలచుకున్నవారు ఆలస్యం చేయకుండా చూడాలని నేను అందరికీ చెబుతుంటాను.

ఓరుగల్లు_విశ్వం
ఈ చర్చ చదివే కొత్తవారి కోసం నాలుగు మాటలు. గయానా దక్షిణ అమెరికా ఉత్తర తీరంలో ఉంది. ఆ ఖండంలో ఇంగ్లీషు అధికార భాషగా ఉన్న దేశం అదొక్కటే. బ్రిటిష్ పాలన నుంచి 1966 మే 26న స్వతంత్రమైంది. వైశాల్యం సుమారు 2.15 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఆంధ్రప్రదేశ్ కంటే పెద్దది, జనాభా మాత్రం విజయవాడ నగర జనాభా కంటే తక్కువ. నేలలో నాలుగింట మూడొంతులకు పైగా అడవి, జనంలో అత్యధికులు సన్నని తీరపు పట్టీలో ఉంటారు. వాహనాలు మనలాగే ఎడమవైపు నడుస్తాయి.

నెమలికన్ను
మన కాలమానం కంటే తొమ్మిదిన్నర గంటలు వెనుక. ఇంటికి ఫోను చేసేటప్పుడు గుర్తుంచుకోండి.

అమలాపురం_బాటసారి
క్వీన్స్_కబుర్లు గారు, ఈ వివరణకు చాలా కృతజ్ఞతలు. ఊరంతా కాలువలు ఎందుకు? వెనిస్ లాగా రాకపోకల కోసమా?

డెల్టా_మనిషి
రాకపోకలకు కాదు, మునగకుండా ఉండటానికి. ఉద్యోగరీత్యా నేను మూడేళ్లు జార్జ్‌టౌన్‌లో ఉన్నాను, మీ నాన్నగారి గురించి చదివాక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

పోటు సమయంలో సముద్రం ఆ నగరం కంటే దాదాపు ఒక మీటరు ఎత్తులో ఉంటుంది. డచ్చివారు తమ దేశంలో నేర్చిన పద్ధతిలోనే ఇక్కడి బురద తీరాన్ని కట్టలతో చుట్టి చెరకు తోటలుగా మార్చారు. ఒక్కొక్క తోట సముద్రం నుంచి లోపలికి పొడవాటి రిబ్బను ముక్కలా ఉంటుంది. ముందువైపు సముద్రాన్ని ఆపే కట్ట, వెనుకవైపు చిత్తడి నీటిని ఆపే కట్ట, ప్రక్కల కాలువలు. వెనుక కట్టకు అవతల కన్జర్వెన్సీ అనే విశాలమైన జలాశయం ఉంటుంది. అక్కడి మంచినీరు వాలు మీద పొలాలకు దిగుతుంది, మురుగు నీరు వేరే కాలువల్లో సముద్రం వైపు నడుస్తుంది. పారే నీరు, పోయే నీరు ఒకదానితో ఒకటి కలవకుండా చూడటమే అక్కడ అసలు విద్య.

మురుగు కాలువ సముద్రాన్నో నదినో కలిసేచోట ఒక తూము తలుపు ఉంటుంది, దాన్ని అక్కడ కోకర్ అంటారు. ఆటు వేళ తలుపు ఎత్తితే ఊరి నీరు బయటికి పోతుంది, పోటు రాకముందే దించేయాలి. ఆలస్యమైతే సముద్రమే ఊళ్లోకి వస్తుంది. ఆ సమయంలోనే కుండపోత వర్షం పడితే పంపులే దిక్కు. 2005 జనవరిలో అలాగే రాజధాని, దాని తూర్పు తీరం రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కోకర్ కాపలాదారు మన లాకుల దగ్గర లస్కరు లాంటివాడే. ఆటుపోట్ల వేళలు ఏ రోజుకారోజు మారుతాయి కనుక అర్ధరాత్రి అయినా లేచి తలుపు తీయవలసిందే. మీ నాన్నగారిని ఒక కోకర్ దగ్గర కూర్చోబెడితే భోజనానికి పిలిచేదాకా కదలరని నేను పందెం కాయగలను.

అమలాపురం_బాటసారి
ఈ పోస్టు నాన్నకు ఫోనులో చదివి వినిపించాను. తలుపు పైకెత్తడం చేత్తోనా, మోటారుతోనా అని వెంటనే అడిగారు.

డెల్టా_మనిషి
నేను రెండు రకాలూ చూశాను. పాతవాటికి పైన అడ్డంగా చక్రం, గొలుసులు ఉండేవి, మనిషి తిప్పవలసిందే.

దారిపొడవునా
కాలువల వెనుక ఇంత కథ ఉందని నాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే మరోలా చూసేవాడినేమో. అయినా చెత్త వేయడం వల్ల వాసన ఉన్న మాట నిజం. సముద్రపు రంగు గురించి కూడా ఎవరైనా చెబుతారా?

క్వీన్స్_కబుర్లు
అది మురికి కాదు. అమెజాన్ నది సముద్రంలో కలిపే ఒండ్రు తీరం వెంబడి పడమరకు కొట్టుకువస్తుంది, అందుకే గయానా తీరమంతా ఆ రంగులో ఉంటుంది. ఈతకు పనికిరాదు, సముద్రపు గోడ మీద సాయంకాలం కూర్చోవడానికి మాత్రం అంతకంటే మంచి చోటు లేదు. 1855లో కట్టడం మొదలుపెట్టిన ఆ గోడ మీద ఆదివారం సాయంత్రం ఊరంతా ఉంటుంది. ఈస్టర్ సోమవారం అక్కడ ఆకాశం నిండా గాలిపటాలు ఎగురుతాయి.

కాత్యాయని_టొరంటో
అమ్మగారి భోజనం గురించి బెంగ పడవద్దు. నేను శాకాహారిని, గయానాలో రెండు వారాలు ఆకలితో ఉన్న పూట లేదు. బఠాణీ పప్పు కూరిన దాల్ పూరి, శనగల కూర, పిండిని ఉండలుగా వేయించే ఫులౌరీ, దానికి మామిడికాయ పుల్లని పచ్చడి వీధి దుకాణాల్లో దొరుకుతాయి. బజారులో బొర అని అడిగితే మన పొడవాటి అలసంద కాయలు ఇస్తారు, కరిల అంటే కాకరకాయ, సైజన్ అంటే మునగకాయ. కాలలూ అనేది మన తోటకూర కుటుంబంలోదే.

అన్నిటికంటే ముఖ్యమైనది సెవెన్ కర్రీ. పూజలప్పుడు, పెళ్లిళ్లప్పుడు తామరాకు వంటి వెడల్పాటి నీటి ఆకులో అన్నం పెట్టి, చుట్టూ గుమ్మడి, ఆకుకూర, వంకాయ, బంగాళాదుంప శనగలు, పనస జాతికి చెందిన కతహర్, మామిడికాయ, పప్పు ఇలా ఏడు రకాలు వడ్డిస్తారు, చేత్తో తింటారు. నేను ఒక గుడిలో అందరితోపాటు బల్ల ముందు కూర్చుని తిన్నాను. వడ్డిస్తున్న పెద్దావిడ నా ఆకు ఖాళీ కావడం చూసి, అడగకుండానే మళ్లీ అన్నం వేసింది. మా పిన్ని గుర్తొచ్చి కాసేపు మాట రాలేదు.

ఒక జాగ్రత్త: పెప్పర్‌పాట్, కుకప్ రైస్ అన్న పేర్లు చూసి ఆర్డరు చేయవద్దు. మొదటిది కర్రపెండలం రసంతో చేసే మాంసం కూర, రెండవదానిలోనూ సాధారణంగా మాంసం వేస్తారు.

నెమలికన్ను
రొట్టెల్లో, కేకుల్లో గుడ్డు ఉంటుంది, అడిగి తీసుకోవాలి. కుళాయి నీరు ఇనుము వల్ల గోధుమ రంగులో వస్తుంది, తాగడానికి సీసా నీరే కొనండి.

వైజాగ్_వాసు
ఇదంతా చదువుతుంటే గర్వంగా ఉంది. ఒక్కమాటలో చెప్పాలంటే గయానా మనవాళ్లు కట్టిన దేశం.

డెల్టా_మనిషి
వాసు గారు, మీ అభిమానాన్ని గౌరవిస్తూనే ఈ మాటను సరిదిద్దాలి, ఎందుకంటే ఈ మాట అక్కడ అంటే ఎదుటివారికి కష్టం కలుగుతుంది. నేను పైన రాసిన కట్టలు, కాలువలు తవ్వినవారు బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లు. నడుముల్లోతు బురదలో పారలతో పది కోట్ల టన్నుల మట్టిని వారు ఎత్తిపోశారని ఒక అంచనా ఉంది. 1763లో గయానా తూర్పు ప్రాంతమైన బెర్బీస్‌లో కఫీ నాయకత్వంలో వారు తిరగబడ్డారు. జార్జ్‌టౌన్‌లో నిలబెట్టిన ఆయన కంచు విగ్రహాన్ని తప్పకుండా చూడాలి. బానిసత్వం రద్దయ్యాక, 1838 మే 5న విట్‌బీ, హెస్పరస్ అనే రెండు ఓడల్లో కలకత్తా నుంచి 396 మంది కూలీలు వచ్చారు. వారిని రప్పించినవారిలో ముఖ్యుడు జాన్ గ్లాడ్‌స్టన్ అనే తోటల యజమాని, ఆ తర్వాత బ్రిటిష్ ప్రధాని అయిన విలియం గ్లాడ్‌స్టన్ తండ్రి. 1917 వరకు సాగిన ఈ వలసలో రెండు లక్షలకు పైగా భారతీయులు వచ్చారు. తీరంలో వరి సాగు పెరగడం వారి చలవే. వీరందరికంటే ముందు నుంచి అడవుల్లో ఆదివాసులున్నారు, పోర్చుగీసువారు, చైనావారు కూడా వచ్చారు. అందుకే, మిగిలిన యూరోపియన్లనూ కలుపుకుని, ఆ దేశాన్ని ఆరు జాతుల నేల అంటారు.

వైజాగ్_వాసు
ఒప్పుకుంటున్నాను, ఆ మాట తొందరపడి రాశాను. అయితే వెళ్లినవారిలో తెలుగువారు ఎవరైనా ఉన్నారా?

క్వీన్స్_కబుర్లు
ఉన్నారు. అత్యధికులు భోజ్‌పురీ ప్రాంతాలవారే అయినా, 1845 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు వెళ్లాయి, వాటిలో తమిళులతో పాటు తెలుగువారూ వెళ్లారు. గయానాలో వారందరినీ కలిపి మద్రాసీలు అన్నారు. భాషలు తరాల క్రితమే పోయాయి. కాని ముఖ్యంగా బెర్బీస్ వైపు మారియమ్మ, కాళీమాయి గుళ్లలో పూజ నిలిచింది. అక్కడ మోగించే డప్పును ఇప్పటికీ తప్పు అంటారు. మన తప్పెట మాట విన్నవారికి వేరే వివరణ అక్కర్లేదు.

జార్జ్‌టౌన్‌లో విట్‌బీ ఓడ కంచు నమూనా ఒక చిన్న తోటలో ఉంది, భారతదేశం ఇచ్చిన కానుక. వాల్టర్ రాడ్నీ జాతీయ పత్రాగారంలో ఓడల పట్టికలున్నాయి. మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా ఆ పట్టికల్లో రాసి ఉంటాయి.

ఓరుగల్లు_విశ్వం
ఆ పట్టికల గురించి రాసినందుకు మీకు నమస్కారం. ఎవరో ఒకరు అక్కడ కూర్చుని తెలుగు జిల్లాల పేర్లన్నీ ఏరి రాయాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

నల్లమల_నడక
కైటూర్ గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తాను. పొటారో నది ఒక్క దూకులో 226 మీటర్లు కిందికి పడుతుంది. 1870లో బారింగ్టన్ బ్రౌన్ అనే భూగర్భ శాస్త్రవేత్త బయటి ప్రపంచానికి దీని గురించి చెప్పాడు, పటమోనా ఆదివాసులకు అది తరతరాలుగా తెలిసిన చోటు. జార్జ్‌టౌన్ పక్కనున్న ఓగల్ విమానాశ్రయం నుంచి చిన్న విమానంలో సుమారు గంట ప్రయాణం. కింద అడవి తప్ప ఇంకేమీ కనిపించదు, ఆ గంట నాకు జలపాతంతో సమానమైన అనుభవం. అక్కడ మనకు అలవాటైన ఇనుప కమ్మీలు ఉండవు, బండ అంచు నుంచి నాలుగడుగులు వెనకే నిలబడండి. పెద్ద పెద్ద మొక్కల ఆకుల మధ్య నిలిచిన నీటిలో వేలిగోరంత బంగారు రంగు కప్ప బతుకుతుంది, గైడును చూపించమనండి.

ఒక అనుభవం చెప్పాలి. నేను చివరి రోజుకు టికెట్టు కొన్నాను. ప్రయాణికులు చాలలేదని ఆ సంస్థవారు ఆ ఉదయమే విమానం రద్దు చేశారు, డబ్బు తిరిగిచ్చారు, నేను జలపాతం చూడకుండానే తిరిగివచ్చి మరుసటి ఏడాది మళ్లీ వెళ్లవలసివచ్చింది. అందుచేత కైటూర్‌ను మొదటి రోజుల్లో పెట్టుకుని, ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి. రాజధానికి ఒక్క రాత్రి చాలదనడానికి నా దృష్టిలో ఇది కూడా గట్టి కారణమే.

దారిపొడవునా
ఈ చివరి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఫిబ్రవరిలో వానలు తక్కువ కనుక విమానాలకు అనుకూలం.

మందులపెట్టె
పచ్చజ్వరం టీకా విషయం ఎవరూ ప్రస్తావించలేదు. గయానా ఆ జ్వరం ముప్పు ఉన్న దేశాల జాబితాలో ఉంది. అక్కడ నుంచి బయలుదేరిన ఆరు రోజుల లోపు భారతదేశం చేరేవారి దగ్గర టీకా సర్టిఫికెట్ లేకపోతే క్వారంటైన్‌లో ఉంచుతారు. గయానా నుంచి మరో దేశానికి వెళ్తే వారూ అడగవచ్చు. టీకా వేసిన పదవ రోజు నుంచి సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికివస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. అయితే 60 ఏళ్లు దాటినవారికి ఈ టీకాతో దుష్ఫలితాల ముప్పు కొంత ఎక్కువ. అమ్మానాన్నల వయసు, వారు వాడే మందులు చెప్పి డాక్టరుతో మాట్లాడకుండా వేయించవద్దు. దోమల నుంచి రక్షణ మాత్రం అందరికీ తప్పనిసరి, అడవి ప్రాంతాల్లో మలేరియా ఉంది.

హెచ్‌వన్_హనుమంతు
మీరు అమెరికాలో వర్క్ వీసా మీద ఉంటే, పాస్‌పోర్టులో స్టాంపు గడువు చూసుకోండి. గడువు తీరిన స్టాంపుతో కెనడా, మెక్సికోలకు వెళ్లివచ్చినట్లు గయానా వెళ్లి రావడం కుదరదు. గయానా వీసా నిబంధనలు ఆ దేశపు దౌత్య కార్యాలయాన్నే అడగండి, ఏజెంటు మాట మీద ఆధారపడవద్దు.

అమలాపురం_బాటసారి
నా స్టాంపుకు ఇంకా ఏడాది గడువుంది. అమ్మానాన్నలిద్దరూ అరవై దాటినవారే, కనుక టీకా సంగతి ముందుగా వాళ్ల డాక్టరును అడుగుతాము.

డెల్టా_మనిషి
డబ్బు, రాకపోకల గురించి కూడా రాస్తాను. ఒక అమెరికన్ డాలరుకు సుమారు 209 గయానా డాలర్లు వస్తాయి, చిల్లర దుకాణాల్లో నగదే నడుస్తుంది. అంతర్జాతీయ విమానాశ్రయం ఊరికి దక్షిణంగా 40 కిలోమీటర్ల దూరంలో టిమెహ్రిలో ఉంది. 42 నంబరు మినీబస్సు అక్కడికి తిరుగుతుంది గాని, పెట్టెలతో పెద్దవాళ్లతో టాక్సీయే మేలు. అద్దె కార్ల నంబరు హెచ్ అక్షరంతో మొదలవుతుంది, అది లేని కారు ఎక్కవద్దు. దారిపొడవునా గారు చెప్పిన హెచ్చరిక నిజమే. 1881లో కట్టిన స్టాబ్రూక్ మార్కెట్‌ను, దాని ఇనుప గడియారపు గోపురాన్ని ఉదయం పూట చూడండి, మెడలో గొలుసులు హోటల్లో వదలండి, చీకటి పడ్డాక నడవకండి. 2015లో సముద్రంలో చమురు బయటపడి, 2019 డిసెంబరులో తవ్వకం మొదలైనప్పటి నుంచి హోటళ్ల ధరలు బాగా పెరిగాయి, గదులు ముందే తీసుకోండి.

నెమలికన్ను
ముఖ్యంగా ఫిబ్రవరి 23 దగ్గర. అది గణతంత్ర దినం, మష్రమాని ఉత్సవం. రంగురంగుల వేషాలతో ఊరేగింపు రోజంతా సాగుతుంది, చాలా దుకాణాలు మూసి ఉంటాయి.

బోర్డా_అభిమాని
ఇంత చర్చలో క్రికెట్ మాట రాలేదు! లాయిడ్, కన్హాయ్, కాళీచరణ్, చందర్‌పాల్ పుట్టిన దేశమది. ఊరి నడుమ ఉన్న బోర్డా మైదానంలోనే 1971లో గవాస్కర్ తన తొలి టెస్టు శతకం, 116 పరుగులు, చేశాడు. వర్షపు నీరు పోవడానికి మైదానం చుట్టూ కందకం ఉంటుంది. 2007 ప్రపంచ కప్పు నుంచి పెద్ద మ్యాచ్‌లు ప్రావిడెన్స్ స్టేడియానికి మారాయి, బోర్డాను మాత్రం తప్పకుండా చూడండి.

డెల్టా_మనిషి
ఆ కందకం నీరు కూడా చివరికి ఒక కోకర్ దగ్గరకే చేరుతుంది.

కాత్యాయని_టొరంటో
అమ్మగారి కోసం ఇంకొకటి. నేషనల్ పార్కు చెరువులో మనటీలు అనే నీటి జంతువులున్నాయి. ఒడ్డున గడ్డి పట్టుకుని కూర్చుంటే నీళ్లలోంచి మూతి పైకి పెట్టి చేతిలోంచే తింటాయి. ఖర్చేమీ లేదు, కాస్త ఓపిక ఉంటే చాలు.

అమలాపురం_బాటసారి
అందరి మాటలూ చదివి ఇలా అనుకున్నాము. అయిదు రోజులు కాదు, ఆరు రోజులు. ఊరేగింపు అయిపోయిన మర్నాడు దిగుతాము, రెండవ రోజు కైటూర్, రద్దయితే మూడవ రోజు. మిగిలినదంతా జార్జ్‌టౌన్‌కే: కథీడ్రల్, మార్కెట్, కఫీ విగ్రహం, విట్‌బీ ఓడ, బోర్డా, మనటీలు, ఒక ఉదయం పత్రాగారం. పారామరిబో ఈసారికి లేదు, దారిపొడవునా గారు మన్నించాలి. బెర్బీస్ వైపు ఒక రోజు వెళ్లి రావడం పెద్దవాళ్లకు కష్టమవుతుందా?

క్వీన్స్_కబుర్లు
తీరం వెంబడి రోడ్డు బాగుంటుంది. తెల్లవారుజామున బయలుదేరండి, దారికి రెండు వైపులా వరి పొలాలు, కాలువలు, స్తంభాల మీద నిలబెట్టిన ఇళ్లు. ఆ ఇళ్ల కింది నీడలో ఉయ్యాలలు కట్టుకుని మధ్యాహ్నం పడుకుంటారు. ముంజేతులతో కొలిచినట్టుండే ఆ పొలాల గట్లు చూస్తే మీ నాన్నగారికి కోనసీమే కనిపిస్తుంది.

దారిపొడవునా
మన్నించవలసినది ఏమీ లేదు. మీరు వచ్చాక ఫొటోలు పెట్టండి, నేను చూడకుండా వచ్చినవి చూస్తాను.

అమలాపురం_బాటసారి
తప్పకుండా పెడతాను. ఇంకొక్క ప్రశ్న, ఇది నాన్న అడగమన్నది: ఫిబ్రవరి చివరి వారంలో జార్జ్‌టౌన్‌కు ఆటు ఏ వేళకు వస్తుందో తెలిపే పట్టిక ఎక్కడ దొరుకుతుంది? తలుపు ఎత్తే సమయానికి అక్కడ ఉండాలని ఆయన పట్టుదల.

డెల్టా_మనిషి
జార్జ్‌టౌన్ రేవు ఆటుపోట్ల పట్టికను ఏటా ప్రచురిస్తారు, మీ తేదీలు ఖాయం కాగానే ఇక్కడ రాయండి, చూసి చెబుతాను. తలుపు లేచే సమయానికి అరగంట ముందే చేరమనండి, కాపలాదారు సాధారణంగా ఆ వేళకే వచ్చి నీటి మట్టం చూస్తుంటాడు, ఆయనతో మాట్లాడవచ్చు.